ముప్పావు అంగుళం మనిషికి అసలైన ఎండ

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1:87 కొలత బొమ్మలతో, అంటే అసలు మనిషిలో 87వ వంతు ఎత్తుండే, రైలు బొమ్మల సెట్లలో వాడే హెచ్‌ఓ స్కేలు మనుషులతో, వంటింటి వస్తువుల మీద ఒక కలలాంటి వరుస తీశారు. పన్నెండు ఫోటోలు. ఫ్లాష్ లేదు, ఎల్‌ఈడీ లేదు. సగం డాబా మీద పొద్దుటి ఎండలో, సగం కిటికీ పక్కన. పూతరేకుల మంచుకొండ ఎక్కే కూలీలు, జంతిక చుట్టల్లో దారి తప్పిన సైకిలు మనిషి, ఇడ్లీ మీద గొడుగు పట్టుకున్న ఆవిడ, ఇలా. చూసినవాళ్లంతా ఐడియా బాగుందంటున్నారు గానీ, తినే వస్తువు మీద బొమ్మ పెట్టినట్టే కనిపిస్తోంది. ఎక్కడ తేడా వచ్చింది, రెండో విడతకు ఏం మార్చుకోవాలి అన్నది మీ సందేహం.

ఊహలో లోపం లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారే, సమస్య అక్కడుంది. ఇలాంటి ఫోటోలో ఒక్కటే అబద్ధం ఉండాలి: ఈ ఇడ్లీ ఒక కొండ అన్నది. మిగతావన్నీ, అంటే నీడ అంచు, కంటి ఎత్తు, దూరపు వస్తువుల స్పష్టత, నేల మీది రేణువు, పాదం మోపిన చోట పడే గుంట, ఇవన్నీ ఆ కొలతలో నిజంగా ఎలా ఉండాలో అలాగే ఉండాలి. మీ ఫోటోల్లో ఊహ ఒక్కటే కాకుండా ఫోకస్ ఒక కొలత చెబుతోంది, నీడ ఇంకో కొలత, నేల మరో కొలత. కన్ను మూడు సాక్ష్యాలూ సరిచూసుకుని "బొమ్మ" అని తేల్చేస్తుంది.

వెలుతురుతో మొదలుపెడదాం, ఎందుకంటే మీరు తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా సరైనది అదే. సూర్యబింబం మన కంటికి దాదాపు అర డిగ్రీ వెడల్పున ఉంటుంది. అందుకే ఏ నీడకైనా అంచు దగ్గర సన్నగా మసక ఉంటుంది. ఆ మసక వెడల్పు, వస్తువుకూ దాని నీడకూ మధ్య దూరంలో సుమారు 108వ వంతు. నిజం మనిషి 175 సెంటీమీటర్లు అనుకుందాం. పొద్దు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే తలకూ తల నీడకూ మధ్య దూరం 247 సెం.మీ., మసక అంచు 2.3 సెం.మీ. మీ బొమ్మ ఎత్తు 20 మి.మీ. తల నుంచి నీడకు 28 మి.మీ., మసక అంచు 0.26 మి.మీ. దాన్ని 87తో హెచ్చించండి: మళ్లీ 2.3 సెం.మీ. వస్తువు ఎంత చిన్నదైనా సూర్యుడి లెక్క తప్పదు. ఏ దీపాన్నైనా ఆ కొలతకు కుదించాలి, ఎండను కుదించక్కర్లేదు. మినియేచర్ ఫోటోగ్రఫీలో సహజకాంతికి ఉన్న అసలు బలం ఇదే, మిగతా సౌకర్యాలన్నీ దీని తర్వాతే.

మరి డాబా ఫోటోలు ఎందుకు చప్పగా వచ్చాయి? ఎండ గట్టిగా ఉందని పైన తెల్ల పంచె కట్టానని రాశారు. మీటరు వెడల్పు పంచెను బొమ్మకు అర మీటరు పైన కడితే, బొమ్మ దృష్టిలో ఆ వెలుతురు అర డిగ్రీ సూర్యుడు కాదు, 90 డిగ్రీల తెల్లటి పందిరి. నీడ అంచు కరిగిపోతుంది, కాళ్ల కింద నల్లటి గీత పోతుంది, బొమ్మ నేల మీద నిలబడినట్టు కాక అతికించినట్టు కనిపిస్తుంది. పంచె తీసేయండి. నీడలు మరీ నల్లగా వస్తున్నాయనిపిస్తే నీడ వైపు 15 సెం.మీ. దూరంలో పోస్టుకార్డంత తెల్ల అట్టముక్క నిలబెట్టండి. 15 సెం.మీ. అంటే బొమ్మకు 13 మీటర్లు, ఎదురింటి సున్నం గోడ లాంటిది. వెలుతురు తిరిగొచ్చినా ఎక్కడినుంచో తెలియదు. వెండిరంగు ఫాయిల్ వద్దు, దాని మెరుపు పెయింటు మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. మీ చొక్కా సంగతి కూడా చూసుకోండి. ఎర్ర చొక్కా వేసుకుని అడుగు దూరంలో వంగితే పూతరేకు మొత్తం గులాబీ రంగుకు తిరుగుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను (కెమెరా రంగుల సర్దుబాటును) ఆటోలో వదలకుండా 5200 కెల్విన్ దగ్గర కట్టేయండి. నీడలు కొంచెం నీలంగా వస్తాయి. రానివ్వండి, ఆరుబయట నీడ అలాగే ఉంటుంది.

వేళ విషయంలో గడియారం కన్నా నీడనే నమ్మండి. బొమ్మ నీడ దాని ఎత్తుకు రెండున్నర రెట్లు ఉన్నప్పుడు పొద్దు 22 డిగ్రీల మీద ఉన్నట్టు. ఎత్తుకు 1.2 రెట్లకు కుదించుకుపోయినప్పుడు 40 డిగ్రీలు. ఈ రెంటి మధ్య, బారెడు పొద్దెక్కిన దగ్గర్నుంచి గంటకు పైగా మంచి సమయం దొరుకుతుంది, సాయంత్రం మళ్లీ అంతే. అంతకు ముందున్న నీరెండ రంగు అందంగానే ఉంటుంది గానీ, 15 డిగ్రీల దగ్గర 20 మి.మీ. బొమ్మ నీడ 75 మి.మీ. సాగి ఫ్రేము దాటిపోతుంది. శీతాకాలం మనకు కలిసొచ్చే కాలం. హైదరాబాద్‌లో డిసెంబరు 21న నడిమధ్యాహ్నం కూడా పొద్దు 49 డిగ్రీలు దాటదు కాబట్టి రోజంతా పని చేసుకోవచ్చు. ఎండాకాలం దీనికి పూర్తిగా ఎదురు. మే 9 చుట్టుపక్కల, మళ్లీ ఆగస్టు 3 చుట్టుపక్కల హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నిలువు వస్తువుకు పక్క నీడ ఉండదు. మామూలుగా అది పనికిరాని వెలుతురు. కానీ మీరు తీస్తున్నది కల. నీడలేని మనుషులు నిలబడ్డ ఒక ఫోటో ఈ వరుసలో ఉండాలనుకుంటే, ఎడిటింగ్ లేకుండా అది దొరికేది ఆ రెండు రోజుల అటూ ఇటూ కొద్ది నిమిషాలే. మీ ఊరి అక్షాంశాన్ని బట్టి తేదీ మారుతుంది, ముందే చూసి పెట్టుకోండి.

ఇక కిటికీ. 1.2 మీటర్ల కిటికీకి మీటరు దూరంలో బొమ్మ పెడితే వెలుతురు 62 డిగ్రీల వెడల్పున వస్తుంది. బొమ్మ లోకంలో అది 104 మీటర్ల వెడల్పైన కిటికీ, 87 మీటర్ల దూరంలో. అంటే కిటికీ వెలుతురు ఎండ పాత్ర పోషించలేదు, మబ్బు పట్టిన ఆకాశం పాత్రే పోషించగలదు. మీ పన్నెండింటిలో గొడుగు ఆవిడ ఫోటో ఒక్కటే కిటికీ దగ్గర నిలబడటానికి కారణం ఇదే. మబ్బు వెలుతురుకు గొడుగు కారణం చెబుతోంది, కన్ను ఒప్పుకుంది. పక్కనే ఉన్న "ఎండకు అలసిన కూలీ" ఫోటో అందుకే ఓడిపోయింది, అక్కడ ఎండే లేదు. కాబట్టి కిటికీ దగ్గర తీసే ప్రతి దృశ్యానికీ వాన ముందరి పూటో, మంచు పూటో అని ముందే అనుకోండి.

కిటికీతో ఇంకో చిక్కుంది. సెట్టు లోతు 30 సెం.మీ. ఉండి కిటికీ దాని వెనక నుంచో పక్క నుంచో మీటరు దూరంలో ఉంటే, దగ్గరి అంచుకూ దూరపు అంచుకూ వెలుతురులో కంటికి తెలిసేంత తేడా వస్తుంది, ఒక స్టాప్‌కు (వెలుతురు సగమో రెట్టింపో అయ్యే మెట్టుకు) కాస్త తక్కువ దాకా. ఆ 30 సెం.మీ. బొమ్మకు 26 మీటర్లు; నిజమైన మైదానంలో అంత దూరంలో పగలు చీకటి పడదు కదా. సెట్టును కిటికీ నుంచి రెండు మీటర్లకు జరపండి, తేడా దాదాపు సగానికి తగ్గుతుంది. వెలుతురు తగ్గిందని భయపడొద్దు, బొమ్మలు కదలవు. ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 100, ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెట్టి అర సెకనో రెండు సెకన్లో తెరిచి ఉంచండి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, రెండు సెకన్ల టైమరు వాడండి, ఆ సమయంలో గదిలో ఎవరూ నడవకూడదు. ట్రైపాడ్ మీద నమ్మకం ఉన్నా సెట్టున్న బల్ల ఊగుతుంది.

ఇప్పుడు ఫోకస్. మీ ఫోటోలను బొమ్మలుగా పట్టిచ్చేస్తున్న వాటిలో ఇదే మొదటిది. మామూలు వీధిని మేడ మీద నుంచి తీసి, పైనా కిందా మసక కలిపితే వీధి బొమ్మల కొలువులా మారిపోతుందని చూసే ఉంటారు. అదే సూత్రం ఇక్కడ మీకు ఎదురు తిరిగింది. మసక ఎంత ఎక్కువైతే వస్తువు అంత చిన్నదని మెదడు లెక్కేస్తుంది. మీరు వాడింది ఏపీఎస్-సీ (మధ్యరకం సెన్సరున్న) కెమెరా, 100 మి.మీ. మాక్రో లెన్సు (చిన్న వస్తువులను దగ్గరగా తీసేది), ఎఫ్/4. ఫ్రేము వెడల్పు 9 సెం.మీ. ఉంటే మాగ్నిఫికేషన్ పావు వంతు, అంటే సెన్సరు మీద పడే రూపం అసలు వస్తువులో పావు వంతు. ఆ దగ్గర ఎఫ్/4లో స్పష్టంగా ఉండే లోతు 3 మి.మీ. కొంచెం దాటుతుంది, అంతే. బొమ్మ ముక్కు స్పష్టంగా ఉంటే చేతిలోని గునపం మసక. ఎఫ్/8లో 6.4 మి.మీ., ఎఫ్/11లో 9 మి.మీ. దగ్గర. ఇంకా మూసేద్దామని ఎఫ్/22కు పోకండి, డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్న రంధ్రం దాటేటప్పుడు వెలుతురు చెదరడం వల్ల, ఫోటో మొత్తం మెత్తబడి, స్కేలు చెప్పే సన్నని వివరాలే ముందు చెరిగిపోతాయి. ఎఫ్/11 దగ్గర ఆగండి.

లెన్సు కూడా మార్చమంటాను. 100 మి.మీ. లెన్సు ఈ మాగ్నిఫికేషన్‌లో అర మీటరు దూరం నుంచి చూస్తుంది. 87తో హెచ్చిస్తే బొమ్మ లోకంలో కెమెరా 43 మీటర్ల అవతల నిలబడి జూమ్ చేసినట్టు. చూసేవాడు బయటే ఉండిపోతాడు. అదే 35 మి.మీ. లెన్సుకు 10 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలిస్తే సుమారు 16 సెం.మీ. నుంచి చూస్తుంది, అంటే 14 మీటర్లు. వీధికి అటువైపు నిలబడి చూసినంత దగ్గర. నేనైతే మాక్రో లెన్సును ముఖాల క్లోజప్‌లకు మాత్రమే ఉంచుతాను. వైడ్ లెన్సుతో వెనకాల మసక కూడా తగ్గుతుంది. ఇబ్బంది ఒక్కటే: లెన్సు దగ్గరగా వచ్చి దాని నీడే సెట్టు మీద పడుతుంది. పొద్దును కెమెరా వెనక కాకుండా పక్కనో, ముందు వైపు ఓ మూలనో ఉంచుకోండి.

ఫోను ఉంటే దాన్ని తక్కువగా చూడకండి. అల్ట్రావైడ్ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ సుమారు 2 మి.మీ. ఉంటుంది. అంత చిన్న లెన్సును 60 సెం.మీ. దగ్గర ఫోకస్ చేస్తే 30 సెం.మీ. నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టమే. పైగా ఫోనును తలకిందులుగా పెడితే లెన్సు నేలకు సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ఎత్తుకు దిగుతుంది. అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన మైకేల్ పాల్ స్మిత్, ఎల్గిన్ పార్క్ అనే ఊహా పట్నాన్ని 1:24 కార్లతో, తను కట్టిన ఇళ్లతో సృష్టించింది ఇదే పద్ధతిలో. ఆరుబయట బల్ల వేసి, దాని మీద సెట్టు పెట్టి, వెనకాల నిజం చెట్లూ నిజం ఇళ్లూ వచ్చేలా పగటి వెలుతురులోనే తీసేవాడు. వాడింది జేబులో పట్టే మామూలు డిజిటల్ కెమెరా. చిన్న సెన్సరు ఆయనకు లోటు కాలేదు, ముందున్న అంగుళాల కారు నుంచి వెనకున్న నిజం చెట్టు దాకా స్పష్టత ఇచ్చింది అదే.

ఆ పద్ధతి మీ డాబా మీద కూడా పనిచేస్తుంది. లెక్క తేలికైనదే: బొమ్మ 30 సెం.మీ. దూరంలో ఉంటే, 26 మీటర్ల దూరంలో ఉన్న నిజం వస్తువు దానికి సరైన కొలతలో అతుకుతుంది. ఎదురు వీధి కొబ్బరిచెట్టు 26 మీటర్ల దగ్గర ఉంటే అది బొమ్మ పక్కన నిజమైన కొబ్బరిచెట్టే. ఒక షరతు ఉంది. బల్ల అంచు వెనకాల నేలతో కలిసిపోవాలి. కెమెరా లెన్సు ఎత్తును బల్ల ఉపరితలానికి 18 మి.మీ. పైన పెట్టండి. 160 సెం.మీ. కంటి ఎత్తును 87తో భాగిస్తే వచ్చేది అదే. కెమెరాను బల్ల మీద పెడితే లెన్సు మధ్యభాగమే 35 మి.మీ. ఎత్తున ఉంటుంది, అంటే మూడు మీటర్ల నిచ్చెన మీంచి చూసినట్టు. మీ ఎనిమిది ఫోటోల్లో ఉన్న చూపు అదే, లేదా అంతకన్నా పైనుంచి. సెట్టును ఒక చెక్క మీద కట్టి, ఆ చెక్కను రెండు ఇటుకల మీద లేపి, కెమెరాను అంచు బయట కిందగా ఉంచండి. ఈ ఒక్క మార్పుకే సగం ఫోటోలు మారిపోతాయి.

దూరపు కొండ దగ్గరి కొండంత నల్లగా ఉండటం ఇంకో సాక్ష్యం. నిజంలో దూరం పాలిపోతుంది. 60 సెం.మీ. సెట్టులో ఆ పాలిపోవడం ఉండదు కాబట్టి మీరే కల్పించాలి. వెనక వరుస పూతరేకులకూ ముందు వరుసకూ మధ్య ఒక పొర తెల్ల దోమతెర గుడ్డ బిగించి నిలబెట్టండి. ఫోకస్ దాని మీద పడనంత వరకు దారాలు కనిపించవు. సాంబ్రాణి పొగ కన్నా ఇదే నయం. ముద్దగా లేచే పొగ సుడులు కొలతకు మరీ పెద్దవై, పది అంతస్తుల ఎత్తు మంటలు రేగినట్టు కనిపిస్తాయి. పొగే కావాలంటే వెలిగించి ఆర్పి, సుడులు కరిగి పలచటి తెరలా పరుచుకునే దాకా ఆగి, పొద్దు ఎదురుగా ఉండేలా తీయండి.

నేల రేణువు గురించి మీరు అడగలేదు గానీ, జంతిక ఫోటో పడిపోయింది దానివల్లే. లెక్క చూడండి. జంతిక పోగు మందం 7 మి.మీ. 87 రెట్లు చేస్తే 61 సెం.మీ., మోకాలు దాటిన ఎత్తు. ఆ గోడల మధ్య సైకిలు మనిషి దారి తప్పడు, సైకిలు ఎత్తి అవతల పెట్టి నడిచి వెళ్లిపోతాడు. అందుకే అది చిక్కుదారి అనిపించలేదు. ఇదే జంతికకు 1:160 కొలత బొమ్మ, అంటే 11 మి.మీ. ఎన్ స్కేలు మనిషిని వాడితే గోడ 112 సెం.మీ. అవుతుంది, నడుము దాటుతుంది. కెమెరాను గోడ ఎత్తు కన్నా కిందికి దించితే గోడలూ ఆకాశమూ తప్ప దారి కనిపించదు. ప్రతి వస్తువునూ ఎంచుకునే ముందు ఇలా ఒకసారి హెచ్చించి చూసుకోండి. బొంబాయి రవ్వ రేణువు అర మి.మీ., అంటే 4 సెం.మీ. గులకరాయి. ఏటి ఇసుకలో మి.మీ. రేణువు 9 సెం.మీ. రాయి, కాబట్టి ఇసుకను ఇసుకగా చూపించాలంటే ఇసుక పనికిరాదు, సన్నగా జల్లించిన రాగిపిండి కావాలి. బియ్యపు గింజ అర మీటరు దాటిన బండరాయి. మిరియం నాలుగు మి.మీ., అంటే ఒంటరిగా దొర్లించగలిగే 35 సెం.మీ. బంతి. సగ్గుబియ్యం గింజల్లో రెండున్నర మి.మీ. ఉన్నది ఏరితే అచ్చంగా ఫుట్‌బాల్.

నీళ్లు మాత్రం ఏ లెక్కకూ లొంగవు. తలతన్యత వల్ల చుక్క గుండ్రంగా ఉబ్బి నిలబడుతుంది, మడుగు అంచు రెండు మూడు మి.మీ. మందాన లేస్తుంది. బొమ్మ కొలతలో అది మోకాలి కింది దాకా వచ్చే గాజు గట్టు. చెరువు చూపించాలంటే నీళ్లు వద్దు, పలచగా పోసి గడ్డకట్టించిన రంగులేని జెల్లీ పొర వాడండి. అదే చుక్కను చుక్కగానే, మనిషి చేతులు చాచి మోసే గాజు గోళంగా చూపిస్తే అది మీ అబద్ధానికి పనికొస్తుంది. అప్పుడు ఆ ఫోటోలో ఇంకే వింతా పెట్టొద్దు.

పూతరేకుల కొండ ఈ వరుసకు ప్రాణం, దాన్ని మాత్రం మళ్లీ తీయాల్సిందే. బోర్లించిన కుండ మీద వరిపిండి పలచగా పూసి తీసిన ఆ రేకుకున్న గొప్పతనం తెలుపు కాదు, వెలుతురును లోపలికి రానిచ్చి ఆపుకోవడం. మీరు ఎదుటి నుంచి ఎండ పడేలా తీసి దాన్ని కాగితం చేశారు. పొద్దు కొండ వెనక, కొద్దిగా పక్కకు ఉండాలి. మూడు నాలుగు పొరలు ఉన్నచోట నీడ, ఒక్క పొర ఉన్నచోట వెలుగు, మడతల్లో నీలం, ఇదంతా మంచుగడ్డ చేసే పని. ఆత్రేయపురం రకం ఖాళీ రేకులు నెయ్యీ పంచదారా లేకుండా విడిగా దొరుకుతాయి, అవే తెచ్చుకోండి. నెయ్యి తగిలిన చోట రేకు గాజులా పారదర్శకమై మచ్చపడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే రేకు వాలిపోతుంది, మరీ పొడిగా ఉంటే వేలు తగలగానే పగులుతుంది. డబ్బా మూత తీసిన వెంటనే పని ముగించుకోవాలి. తీర్చిదిద్దడమంతా నలిపిన టిష్యూ కాగితంతో ముందే చేసుకుని, కెమెరా, ఎక్స్‌పోజరు, బొమ్మలు కుదిరాక చివర్లో రేకులు పెట్టండి. తెలుపు ఎక్కువగా ఉన్న దృశ్యంలో కెమెరా మీటరు మోసపోయి బూడిదరంగు చేస్తుంది, ఒక స్టాప్ నుంచి 1.3 దాకా పెంచండి.

ఫోకస్ స్టాకింగ్, అంటే ఫోకస్ జరుపుతూ తీసిన చాలా ఫోటోలను ఒకటిగా కలపడం, చేస్తానన్నారు. చేయొచ్చు గానీ ఎండలో దానికి గడువుంది. ఎఫ్/5.6లో ఒక్కో ఫోటో 4.5 మి.మీ. లోతు ఇస్తుంది. ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా 3 మి.మీ. చొప్పున జరిపితే 60 మి.మీ. దృశ్యానికి ఇరవై ఫోటోలు. వాటిని అర నిమిషంలో ముగిస్తే, పొద్దు 45 డిగ్రీల మీద ఉన్నప్పుడు నీడ కొస దాదాపు 0.08 మి.మీ. జరుగుతుంది. 24 మెగాపిక్సెల్ సెన్సరు మీద అయిదు పిక్సెళ్లు, సాఫ్ట్‌వేరు సర్దేస్తుంది. అదే 15 డిగ్రీల నీరెండలో అదే అర నిమిషానికి నీడ కొస 0.6 మి.మీ. పరుగెడుతుంది, దగ్గర దగ్గర నలభై పిక్సెళ్లు. నీడ అంచున మెట్లు మెట్లుగా దయ్యపు గీతలు వస్తాయి. మీ ఏడో ఫోటోలో ఎడిటింగ్ తప్పనుకున్నది అదే. నీరెండలో స్టాక్ వద్దు, ఎఫ్/11లో ఒక్క ఫోటో తీయండి. స్టాక్ తప్పదంటే ఎలక్ట్రానిక్ షట్టరుతో ఆపకుండా తీసి, నీడ కొసలున్న భాగాన్ని ఒకే ఫోటో నుంచి తీసుకోండి.

సహజకాంతితోనే వింత చేయాలంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాధనం అద్దాల పని బట్టల్లో కుట్టే సెంటీమీటరు అద్దం. ఎండలో పట్టుకుంటే అది రెండో సూర్యుడు. అర మీటరు దూరం నుంచి కొడితే సెంటీమీటరున్నర వెలుగు వలయం పడుతుంది, ఒక్క మనిషికి సరిపడా. ఆ వెలుగులో బొమ్మకు పడే నీడ అంచు కూడా అసలు ఎండలోలా సన్నగానే ఉంటుంది. ఒక మనిషికి రెండు నీడలు, రెండూ నిజమైనవే. లేదా మబ్బు పూట సెట్టంతా మసకగా ఉండి, మబ్బు సందున ఒక్క నిమిషం ఎండపొడ వచ్చినప్పుడు దాన్ని గునపం ఎత్తిన కూలీ మీదికి మాత్రం పంపొచ్చు. అద్దాన్ని బంకమట్టి ముద్దలో గుచ్చి కోణం కుదుర్చుకోండి. రెండు మూడు నిమిషాలకోసారి తిప్పాల్సి వస్తుంది.

బొమ్మ నిలబెట్టడం చిన్న పనే గానీ ఫోటోలు పాడయ్యేది ఇక్కడే. కాళ్ల కింది ప్లాస్టిక్ బిళ్లను బ్లేడుతో కోసేయండి. 0.5 మి.మీ. డ్రిల్ బిట్‌తో మడమలోకి రంధ్రం చేసి, తల కోసిన గుండుసూదిని దించి, వస్తువులోకి గుచ్చండి. తేనె మైనం ఇంట్లో బాగానే పట్టుకుంటుంది, డాబా మీద ఎండకు మెత్తబడి బొమ్మ మెల్లగా వాలిపోతుంది. స్టాక్ మధ్యలో వాలితే మొత్తం పోయినట్టే. సూపర్ గ్లూ ఎక్కువ పెడితే దాని ఆవిరి పేరుకుని ప్యాంటు కింది అంచున తెల్లటి పొర కడుతుంది. సూది మొనతో ముట్టించినంత చాలు. పాదం చుట్టూ పిండిని పుల్లతో కాస్త నొక్కి గుంట చేయండి, వెనక నాలుగు అడుగుజాడలు వేయండి. బరువు కనిపిస్తేనే మనిషి. బొమ్మలకు మెరిసే పెయింటు ఉంటే మ్యాట్ వార్నిష్ ఒక పూత వేయాలి. మెరుపు చుక్క మాత్రం ఏ కొలతకూ కుదించుకుపోదు.

మీరు చివర్లో ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలతో కూడా ఒక వరుస చేయాలని ఉందన్నారు. రెండూ రెండు రకాలు. కొండపల్లి తెల్లపొణికి కర్ర బొమ్మలు సాధారణంగా అరచేతి ఎత్తువి, కొలత 1:12, 1:15 దగ్గర ఉంటుంది కాబట్టి కంటి ఎత్తు 11 నుంచి 13 సెం.మీ., ఫోకస్ బాధ చాలా తగ్గుతుంది. వాటికి నేల కావాలంటే ఆ బొమ్మలు అతికే మక్కునే చేసుకోండి: చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆరాక ఎండిన చెరువు నేలలా పగుళ్లిస్తుంది. ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మల మీద లక్క నిగనిగలాడుతుంది, కిటికీ ఊచలు సహా అందులో కనిపిస్తాయి. సర్క్యులర్ పోలరైజరు (ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టరు) పెట్టి, మెరిసే ముఖాన్ని నిటారుగా కాక, ఆ లంబం నుంచి సుమారు 55 డిగ్రీలు వాలి చూసేలా కెమెరా జరిపితే ఆ ప్రతిబింబం చాలావరకు ఆరిపోతుంది. ఒకటిన్నర స్టాప్ వెలుతురు తినేస్తుంది. మ్యాట్ వార్నిష్ మాత్రం వాటి మీద వేయొద్దు, లక్క అందమే పోతుంది.

డాబా మీద తిండి వస్తువులకు చీమలు పది నిమిషాల్లో వస్తాయి. బొమ్మ పక్కన గండుచీమ నడిచిందంటే అది మేకంత జంతువు. బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి. ఇడ్లీ ఎండకు పావుగంటలో పైపొర ఆరి పసుపు తిరుగుతుంది, నాలుగు ఇడ్లీలు తడిగుడ్డ కింద సిద్ధంగా ఉంచుకోండి. షట్టరు నొక్కే ముందు బ్లోయరుతో ఒకసారి ఊది, స్క్రీను మీద పెద్దది చేసి మూల మూలా చూడండి. ఒక్క నూలుపోగు ఉన్నా అది బొమ్మ కొలతలో మోకు.

పన్నెండూ మళ్లీ తీయక్కర్లేదు. గొడుగు ఆవిడను ముట్టుకోవద్దు. జంతికకు ఎన్ స్కేలు మనిషి వచ్చేదాకా ఆగండి. మొదట పూతరేకుల కొండ తీయండి, పొద్దు వెనకుంచి, లెన్సు 18 మి.మీ. ఎత్తున, ఎఫ్/11లో. అది కుదిరాక సెట్టు కదపకుండా నాలుగు అడుగులు వెనక్కి వచ్చి, ఇటుకలూ చెక్కా నీళ్ల గిన్నెలూ డాబా గోడా కనిపించేలా ఇంకొకటి తీసి పెట్టుకోండి. లండన్ వీధుల్లో 2006లో మొదలుపెట్టి ఇలాంటి చిన్న మనుషులను నిలబెట్టిన కళాకారుడు స్లింకచు, ప్రతి దృశ్యాన్నీ దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి జతగా చూపిస్తాడు. దగ్గరి ఫోటోలో కొండ నమ్మినవాళ్లకే రెండో ఫోటోలో డాబా అంత పెద్దదిగా కనిపిస్తుంది.